చిన్న విమానంలో ఇ-బైక్.. కొనే ముందు తూకం, తలుపు, బ్యాటరీ లెక్కలు చూసుకోండి

సొంతంగా విమానం నడుపుకుంటూ వెళ్లారు. చిన్న ఎయిర్‌పోర్టులో దిగారు. రన్‌వే పక్కన ఒక షెడ్డు, ఒక పెట్రోల్ పంపు తప్ప ఏమీ లేవు. ఊరేమో ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. క్యాబ్ బుక్ చేద్దామంటే యాప్‌లో ఒక్క కారూ కనిపించట్లేదు. ఇప్పుడేం చేస్తారు?

అమెరికాలో సెస్నా, పైపర్ లాంటి నాలుగు సీట్ల విమానాలు నడిపే ప్రైవేట్ పైలట్లకు ఇది మామూలుగా ఎదురయ్యే ఇబ్బందే. అక్కడ జనం వాడుకునే ఎయిర్‌పోర్టులు దాదాపు 5 వేలున్నాయి. వాటిలో రెగ్యులర్ ఎయిర్‌లైన్స్ వెళ్లేవి 500 దాకానే. మిగతా వాటిలో చాలా చోట్ల బస్సు, ట్యాక్సీ ఏవీ ఉండవు. కొన్ని చోట్ల పైలట్ల కోసం ఒక పాత కారు ఉంచుతారు. మీకంటే ముందొచ్చిన వాళ్లు దాన్ని తీసుకెళ్లిపోతే అంతే సంగతులు.

అందుకే చాలామంది మడతపెట్టే ఎలక్ట్రిక్ సైకిల్ వైపు చూస్తున్నారు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్న మనవాళ్లకు, టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా స్కూళ్లలో ట్రైనింగ్ తీసుకుంటూ గంటలు పోగేసుకుంటున్న తెలుగు కుర్రాళ్లకు కూడా ఈ అవసరం ఉంటుంది. అయితే షాపులో బాగుందనిపించిన బైక్ విమానం తలుపులో పట్టకపోవచ్చు. పట్టినా బరువు కుదరకపోవచ్చు. అన్నిటికంటే పెద్ద విషయం బ్యాటరీ. ఒక్కొక్కటిగా చూద్దాం.

సైకిల్‌కి, విమానానికి పాత చుట్టరికమే

1903 డిసెంబర్ 17న మొదటి విమానం ఎగరేసిన రైట్ సోదరులకు ఒహాయోలోని డేటన్‌లో సైకిల్ షాపు ఉండేది. వాళ్ల విమానంలో ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్లకు పవర్ వెళ్లింది కూడా సైకిల్ తరహా చైన్లతోనే. నార్త్ కరోలినాలో వాళ్లు ఎగిరిన చోటే ఇప్పుడు స్మారకం ఉంది. పక్కనే ఫస్ట్ ఫ్లైట్ పేరుతో చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ పెట్రోల్ కూడా దొరకదు. అలాంటి చోట దిగి బీచ్ దాకా వెళ్లాలంటే సైకిల్‌కి మించింది లేదు.

మొదటి లెక్క: బరువు

కారు డిక్కీలో నాలుగు కిలోలు ఎక్కువైనా ఎవరూ పట్టించుకోరు. చిన్న విమానంలో ప్రతి పౌండూ లెక్కే. బాగా వాడుకలో ఉన్న సెస్నా 172ఎస్ మోడల్‌నే తీసుకుందాం.

- టేకాఫ్‌కి గరిష్ట బరువు 2,550 పౌండ్లు.
- వెనక లగేజీ భాగం మొత్తానికి గరిష్టంగా 120 పౌండ్లు, అంటే 54 కిలోలు.
- అందులోనూ బాగా వెనక ఉన్న రెండో భాగంలో 50 పౌండ్లకు మించి పెట్టకూడదు.
- ట్యాంకులు నింపితే వాడుకోవడానికి వచ్చే పెట్రోల్ 53 గ్యాలన్లు. గ్యాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 318 పౌండ్లు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. మనుషులు, పెట్రోల్, సామాను అన్నీ కలిపి విమానం 870 పౌండ్లు మోస్తుందనుకుందాం. ఈ అంకె ప్రతి విమానానికీ వేరుగా ఉంటుంది. మీ విమానం కాగితాల్లో ఉన్నదే అసలు అంకె.

170 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులు 340. ఫుల్ ట్యాంక్ 318. మొత్తం 658. ఇంకా 212 పౌండ్లు మిగిలాయి. బోలెడంత ఉందనిపిస్తుంది. కానీ ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మిగిలింది 212 అయినా లగేజీ భాగంలో పెట్టగలిగేది 120 మాత్రమే.

అమెరికాలో బాగా అమ్ముడైన లెక్ట్రిక్ ఎక్స్‌పీ 3.0 లాంటి లావు టైర్ల మడత బైక్ బరువు బ్యాటరీతో కలిపి దాదాపు 64 పౌండ్లు. అలాంటివి రెండైతే 128. అంటే హెల్మెట్, బట్టల బ్యాగు ఏదీ పెట్టకముందే లిమిట్ దాటిపోయింది! అదే 37 పౌండ్ల బైకులు రెండైతే 74. ఇంకా 46 పౌండ్ల సామానుకు చోటుంటుంది.

మరి నలుగురు వెళ్తే? నలుగురు మనుషులు 680, రెండు తేలికపాటి బైకులు 74.. మొత్తం 754. పెట్రోల్‌కి మిగిలేది 116 పౌండ్లే. అంటే 19 గ్యాలన్లు. గంటకు ఎనిమిది, తొమ్మిది గ్యాలన్లు తాగే ఇంజిన్‌కి ఇది రెండు గంటలు దాటితే గొప్ప. పగటిపూట ప్రయాణానికి నిబంధనల ప్రకారం మరో అరగంటకు సరిపడా పెట్రోల్ మిగిలేలా చూసుకోవాలి. అది తీసేస్తే ఎగరడానికి మిగిలేది గంటన్నర పైచిలుకు. బైక్ కోసం పెట్రోల్ తగ్గించుకోవడం ఎప్పుడూ మంచి బేరం కాదు. నలుగురైతే బైకులు ఇంట్లో వదిలేయడమే మేలు.

సెస్నా 152 లాంటి రెండు సీట్ల ట్రైనింగ్ విమానమైతే ఇంకా కష్టం. ఇద్దరు కూర్చుని ట్యాంకులు నింపితే సామానుకు మిగిలేది చాలా తక్కువ. ఒక్కరే వెళ్తున్నప్పుడు మాత్రం ఒక బైక్ పెట్టుకోవచ్చు.

బరువు ఎంతన్నదే కాదు.. ఎక్కడన్నదీ ముఖ్యమే

బరువంతా తోక వైపు చేరితే విమానం ముక్కు పైకి లేస్తుంటుంది. వేగం తగ్గి స్టాల్ అయితే తిరిగి అదుపులోకి తెచ్చుకోవడం కష్టమవుతుంది. తూకం లిమిట్‌లోనే ఉన్నా, గురుత్వ కేంద్రం లిమిట్ దాటితే ప్రమాదమే. అందుకే బైక్ బరువును అది ఉండే చోటు దూరంతో గుణించి వెయిట్ అండ్ బ్యాలెన్స్ లెక్క వేయాల్సిందే. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు మరోసారి. ఎందుకంటే తిరుగు ప్రయాణంలో పెట్రోల్ తగ్గి ఉంటుంది, కొన్న సామాను పెరిగి ఉంటుంది.

ఇంకో మాట. కంపెనీ చెప్పే బరువును నమ్మొద్దు. కొన్ని కంపెనీలు బ్యాటరీ లేకుండా బరువు చెప్తాయి. కొన్ని స్టాండు, మడ్‌గార్డు, లైటు వదిలేసి చెప్తాయి. ఛార్జర్, తాళం, కవర్ ఎవరూ లెక్కలో వేయరు. సూట్‌కేసులు తూచే చిన్న కాటాతో మీరే తూచుకోండి.

రెండో లెక్క: తలుపు

లోపల చోటుంది కదా అనుకుంటే సరిపోదు. అది లోపలికి వెళ్లాలి కదా. సెస్నా 172 లగేజీ తలుపు వెడల్పు 15 అంగుళాల పైచిలుకు, ఎత్తు 22 అంగుళాలు. పైపర్ ఆర్చర్ లాంటి విమానాల్లో సుమారు 20 నుంచి 22 అంగుళాల చదరపు తలుపు ఉంటుంది.

మడత సైకిళ్లలో బాగా పేరున్నది లండన్‌లో తయారయ్యే బ్రాంప్టన్. దాని ఎలక్ట్రిక్ సీ లైన్ మడిచాక దాదాపు 25 అంగుళాల పొడవు, 23 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల మందం ఉంటుంది. మార్కెట్లో ఇంతకంటే చిన్నగా మడిచేవి అరుదు. అయినా సరే, 23 అంగుళాల బాక్సు 22 అంగుళాల తలుపులో నేరుగా పట్టదు! సైకిల్ మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అటూ ఇటూ తిప్పితే వెళ్లొచ్చు, వెళ్లకపోనూ వచ్చు. లేదంటే ముందు తలుపులోంచి తీసుకెళ్లి, సీటు ముందుకు జరిపి వెనక సీట్లోకి చేర్చాలి.

20 అంగుళాల చక్రాలున్న బైకులు రోడ్డు మీద హాయిగా వెళ్తాయి. కానీ మడిచినా పెద్దగానే ఉంటాయి. లగేజీ తలుపులో వాటి గురించి ఆలోచించడమే దండగ. 16 అంగుళాల చక్రాలైతే గుంతల్లో కుదుపు ఎక్కువ, మడత మాత్రం చిన్నగా వస్తుంది.

దీనికి ఖర్చులేని చిట్కా ఒకటుంది. కొనే ముందే కంపెనీ చెప్పిన మడత కొలతలతో ఒక అట్టపెట్టె తయారు చేసుకోండి. దాన్ని హ్యాంగర్‌కి తీసుకెళ్లి విమానంలో పెట్టి చూడండి. అట్టపెట్టె సులువుగా వెళ్తే బైక్ కూడా వెళ్తుంది. వెళ్లకపోతే షాపు వాళ్లనడిగి అసలు బైక్‌తోనే ట్రయల్ వేయండి. అదే సమయంలో ఇంకోటి గమనించండి. 16, 17 కిలోల బైక్‌ని రెక్క కింద వంగి, చేతులు చాచి లోపలికి పెట్టాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. బ్యాటరీ ఊడదీస్తే రెండు, మూడు కిలోలు తగ్గుతుంది కాబట్టి బ్యాటరీ ఊడేదే కొనడం మంచిది.

మూడో లెక్క: బ్యాటరీ

అసలైన విషయం ఇదే. ఇక్కడ తప్పు చేస్తే దిద్దుకునే ఛాన్స్ ఉండదు.

బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్ అవర్స్‌లో చెప్తారు. వోల్టులను ఆంపియర్ అవర్స్‌తో గుణిస్తే వచ్చేదే ఇది. 36 వోల్టులు, 7 ఆంపియర్ అవర్స్ అయితే 252 వాట్ అవర్స్. 48 వోల్టులు, 14 అయితే 672.

ఒక ఫోన్ బ్యాటరీ 12 నుంచి 15 వాట్ అవర్స్ ఉంటుంది. అంటే 300 వాట్ అవర్స్ ఇ-బైక్ బ్యాటరీ పక్కన పెట్టుకోవడమంటే ఇరవైకి పైగా ఫోన్ బ్యాటరీలను ఒకే డబ్బాలో పెట్టుకున్నట్టే. అందులో ఒక సెల్ వేడెక్కి అంటుకుంటే ఆ వేడికి పక్క సెల్, దానికి ఆ పక్కది.. అలా వరుసగా అంటుకుపోతాయి. మంట ఒక్కటే కాదు, విషవాయువులూ వస్తాయి. నేల మీదైతే తలుపు తీసి బయటికి పరిగెత్తొచ్చు. 5 వేల అడుగుల ఎత్తులో ఎక్కడికి వెళ్తారు?

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ కార్గో విమానం 747 కూలిపోయింది. లిథియం బ్యాటరీలున్న కార్గోలో మంటలు చెలరేగి, పొగతో పైలట్లకు ఏమీ కనిపించలేదు. ఇద్దరూ చనిపోయారు. న్యూయార్క్ నగరంలో 2023లో లిథియం అయాన్ బ్యాటరీల మంటల్లో 18 మంది ప్రాణాలు పోయాయి. దాంతో అదే ఏడాది సెప్టెంబర్ నుంచి సర్టిఫికెట్ లేని ఇ-బైకులు, బ్యాటరీల అమ్మకాన్ని ఆ నగరం నిషేధించింది.

మరి ఏం చూసి కొనాలి?

- బైక్ ఎలక్ట్రికల్ సిస్టమ్‌కి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271 సర్టిఫికెట్ ఉండాలి. "యూఎల్ స్టాండర్డ్ సెల్స్ వాడాం" లాంటి మాటలు కాదు, మొత్తం సిస్టమ్‌కి ఉందా అని అడగండి.
- చిన్న బ్యాటరీ చాలు. మైలుకు సుమారు 10 నుంచి 20 వాట్ అవర్స్ ఖర్చవుతుంది. 250 ఉంటే 12 నుంచి 25 మైళ్లు వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వెళ్లి రావడానికి ఇది ఎక్కువే.
- సెకండ్ హ్యాండ్ బ్యాటరీ, రిపేర్ చేసిన బ్యాటరీ, వేరే కంపెనీ ఛార్జర్ జోలికి వెళ్లొద్దు. ఒకసారి గట్టిగా కింద పడ్డ బ్యాటరీని విమానం ఎక్కించొద్దు.

విమానంలో పెట్టేటప్పుడు ఏం చేయాలి?

- బ్యాటరీ ఊడదీసి, స్విచ్ ఆఫ్ చేసి, టెర్మినల్స్‌కి మూత పెట్టండి. సామాను అడుగున కాకుండా చేతికందేలా ఉంచండి. పొగ వస్తే ముందు మీకు కనిపించాలి.
- ఫుల్ ఛార్జింగ్‌తో తీసుకెళ్లొద్దు. కార్గో విమానాల్లో విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీల్లో ఛార్జింగ్ 30 శాతం దాటకూడదన్న రూల్ ఉంది. ఛార్జింగ్ తక్కువుంటే మంట తీవ్రత కూడా తక్కువుంటుంది. దిగాక ఛార్జ్ చేసుకోవచ్చు.
- గాల్లో ఉన్నప్పుడు ఛార్జింగ్ అస్సలు పెట్టొద్దు.
- ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో పాటు నీళ్ల బాటిళ్లు దగ్గర పెట్టుకోండి. ముందు ఎక్స్‌టింగ్విషర్‌తో మంట ఆపాలి, తర్వాత నీళ్లు పోసి చల్లార్చాలి. చల్లార్చకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఐస్ వేయకూడదు, గుడ్డ కప్పకూడదు. వీటన్నిటికంటే ముందు, దగ్గర్లో ఎక్కడ దిగొచ్చో అటువైపు తిప్పండి.
- ఎండలో నిలిపిన విమానంలో బ్యాటరీ వదిలి వెళ్లొద్దు. టెక్సాస్ ఎండైనా, మన రామగుండం ఎండైనా మూసిన క్యాబిన్ కొలిమిలా మారుతుంది. అలాగే చలి ప్రాంతాల్లో సున్నా డిగ్రీల కంటే తక్కువుంటే ఛార్జ్ చేయకూడదు.

కట్టకపోతే అదే బండరాయి

కుదుపులు వచ్చినప్పుడు విడిగా ఉన్న బైక్ లోపల ఎగిరిపడుతుంది. 16 కిలోల బైక్ మూడు జీల కుదుపులో 48 కిలోల బరువుతో కదులుతుంది. తొమ్మిది జీల తీవ్రతతో ఆగాల్సి వస్తే అదే 144 కిలోలు. అదీ మీ తల వెనక నుంచి! విమానంలో ఉండే టై-డౌన్ రింగులకు బెల్టులతో, నెట్‌తో గట్టిగా కట్టండి. వెనక సీట్లో పెడితే సీటు బెల్టు ఒక్కటే సరిపోదు, అదనంగా కట్టాలి. కంట్రోల్స్‌కి, తలుపు హ్యాండిల్‌కి అడ్డం రాకుండా చూసుకోండి.

మోటార్‌లో అయస్కాంతాలుంటాయి కాబట్టి బైక్‌ని దిక్సూచికి దూరంగా, వెనక పెట్టండి. బయల్దేరే ముందు దిక్సూచి సరిగ్గా చూపిస్తోందో లేదో రన్‌వే దిశతో పోల్చి చూడండి. చైన్ గ్రీజు సీట్లకు అంటకుండా కవర్ వేయండి. బెల్టుతో నడిచే బైక్ అయితే ఈ బెడద ఉండదు.

టైర్లలో గాలి తీయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. 10 వేల అడుగుల ఎత్తుకు వెళ్లినా బయటి గాలి ఒత్తిడి ఐదు పీఎస్ఐ లోపే తగ్గుతుంది. 60 పీఎస్ఐ టైరుకు అదో లెక్క కాదు.

ఏ రకం ఎవరికి?

- ఇద్దరు ప్రయాణం, నాలుగు సీట్ల విమానం: 15 నుంచి 17 కిలోల లోపు, 16 అంగుళాల చక్రాలు, ఊడే బ్యాటరీ ఉన్న బైక్. బ్రాంప్టన్ ఎలక్ట్రిక్ ఈ కోవలోదే. 300 వాట్ అవర్స్ బ్యాటరీ ముందు బ్యాగులో ఉంటుంది. ధర మాత్రం 3 వేల డాలర్లు దాటుతుంది.
- బరువే పెద్ద సమస్య అనుకునేవాళ్లు: కార్బన్ ఫైబర్ బైకులు. బ్రిటన్‌కు చెందిన హమ్మింగ్‌బర్డ్ ఎలక్ట్రిక్ బరువు 10 కిలోల పైచిలుకే. జేబుకు మాత్రం చాలా బరువు.
- బడ్జెట్ తక్కువ, ఒక్కరే ప్రయాణం: లెక్ట్రిక్ ఎక్స్‌పీ లైట్ లాంటివి. బరువు 21, 22 కిలోల దాకా ఉంటుంది. ధర తక్కువ, మడత పెద్దది. లగేజీ తలుపులో కాదు, వెనక సీట్లోకే.
- విమానంలో చోటు పుష్కలంగా ఉన్నవాళ్లు: టెర్న్ వెక్ట్రాన్ లాంటి 22 కిలోల, 20 అంగుళాల చక్రాల బైక్. నడపడానికి హాయి, ఎక్కించడానికి ఆయాసం.
- ఊరు రెండు, మూడు కిలోమీటర్లే, రోడ్డు చదును: మోటార్ లేని మడత సైకిల్. 11, 12 కిలోలే ఉంటుంది. బ్యాటరీ భయమే లేదు. మోకాళ్లు సహకరిస్తే దీనికి మించింది లేదు.

దిగే చోట రూల్స్ కూడా చూసుకోండి

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇ-బైకులను మూడు క్లాసులుగా విడగొట్టాయి. తొక్కితేనే సాయం చేస్తూ గంటకు 20 మైళ్ల దగ్గర ఆగేది క్లాస్ 1. తొక్కకుండానే నడిచేది క్లాస్ 2. 28 మైళ్ల దాకా వెళ్లేది క్లాస్ 3. ఎక్కువ చోట్లకు అనుమతి దొరికేది క్లాస్ 1కే. మిషిగన్‌లోని మాకినా దీవినే తీసుకోండి. అక్కడ 1898 నుంచి మోటారు వాహనాలు నిషేధం. ఎయిర్‌పోర్టు ఉంది, సైకిళ్లు వేలల్లో ఉన్నాయి. కానీ ఇ-బైక్ తీసుకెళ్తే కుదరదు. నడకలో ఇబ్బంది ఉన్నవాళ్లకు క్లాస్ 1 మాత్రం అనుమతిస్తారు. అంత బరువు మోసుకెళ్లి విమానంలోనే వదిలేయాల్సి వస్తే ఎలా ఉంటుంది?

ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

ఈ బైక్‌ని ఇండియాకు వచ్చేటప్పుడు లగేజీలో తెచ్చుకోవచ్చా?
బ్యాటరీతో తేలేరు. ప్రయాణికుల విమానాల్లో 100 వాట్ అవర్స్ దాకా మామూలుగా, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో ఒప్పుకుంటారు. 160 దాటితే చెకిన్‌లోనూ, చేతి బ్యాగులోనూ వద్దంటారు. ఇ-బైక్ బ్యాటరీలు దాదాపు అన్నీ దీనికి మించినవే. హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లే చిన్న ఏటీఆర్‌లో అయినా ఇదే రూల్.

మరి సొంత విమానంలో ఎలా ఒప్పుకుంటారు?
అమెరికాలో ఆ ప్రమాదకర సరుకు నిబంధనలు వ్యాపార రవాణాకు సంబంధించినవి. డబ్బు తీసుకోకుండా సొంతంగా ఎగిరేటప్పుడు నిర్ణయం, బాధ్యత రెండూ పైలట్‌వే. రూల్ లేదంటే ప్రమాదం లేదని కాదు. కాదనడానికి పక్కన ఎవరూ ఉండరు, అంతే.

అద్దె విమానంలో తీసుకెళ్లొచ్చా?
ముందు యజమానినో, ఫ్లయింగ్ క్లబ్‌నో అడగాలి. ఇన్సూరెన్స్ పేచీ రావొచ్చు. ట్రైనింగ్‌లో ఉన్న స్టూడెంట్లైతే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పకుండా అసలు పెట్టొద్దు. లైసెన్స్ కోసం లక్షలు పోసి వెళ్లినవాళ్లు ఒక సైకిల్ కోసం ఇబ్బంది కొనితెచ్చుకోవడం ఎందుకు?

చివరగా..

వరుస ఇదీ. ముందు విమానం కాగితాలు తీసి లగేజీ లిమిట్ చూడండి. తర్వాత టేప్ పట్టుకుని తలుపు కొలవండి. ఆ రెండు అంకెలు చేతిలో పెట్టుకుని అప్పుడు షాపుకు వెళ్లండి. అక్కడ ముందుగా బ్యాటరీ సర్టిఫికెట్ అడగండి. రంగు, స్పీడు, మైలేజీ అన్నీ ఆ తర్వాతే. ఇంత చూసినా లెక్క కుదరకపోతే బాధపడక్కర్లేదు. దిగే ముందు ఆ ఎయిర్‌పోర్టుకు ఒక ఫోన్ కొట్టి, పైలట్ల కారు ఖాళీగా ఉందా అని అడగండి. దానికి బరువూ లేదు, బ్యాటరీ భయమూ లేదు.